దూరవార్తలలో తప్పులు దిద్దుట



ఈ ప్రసంగమును నేనొక మూసిన గదిలో ఒంటరిగాఁ గూర్చుండి చేయుచున్నాను. నా మాట మీకు వినఁబడినదో లేదో నాకుఁ దెలియదు. మీ యూరిలో గాలివాన వచ్చి నడుమ నాలుగు మాటలు చెడిపోయినచో "అయ్యా, మరల చెప్పుఁడు" అని మీరు నన్నడుగఁజాలరు. అందుచేతనే రేడియోలో మాటాడువాఁడు అంకెలను నెమ్మదిగాఁ జెప్పును. ముఖ్యమైన మాటను రెండుమాఱులు చెప్పును. ఎదుట నిలిచి మాటాడువానికిఁ గల సుఖము వేఱు. వినఁబడకున్న నెదుటివాఁడే యడుగును.

మాట తప్పిపోకుండఁ గాపాడుటకు లోకములో నున్న ఉపాయములు ప్రధానముగా నీ రెండే: మొదటనే జాగ్రత్తగాఁ జెప్పుట యొకటి, చెడినప్పుడు మరల చెప్పించుకొనుట మఱియొకటి. నేఁడు మన చేతులలోనున్న ఫోనులు ఈ రెంటిని ఒక్కటిగా నెట్లు కూర్చుచున్నవో మీకు మనవి చేయఁదలఁచితిని.

మాది గోదావరి యొడ్డున నున్న గ్రామము. నా చిన్నతనమున ఆవలి గట్టుననున్న పడవవానిని కేకవేసి పిలుచుట వాడుక. ఒకనాఁటి సాయంకాలము మా మేనమామ "రేవుకు రా" అని కేకవేసెను. ఎదురుగాలి వీచుచుండెను. పడవవానికి "రేపు రా" అని వినఁబడినది. వాఁడు సరేయని చేయి యూపి, చుట్ట వెలిగించుకొని, తీరికగా నింటికిఁ బోయెను. జ్వరముతో మూలుగుచున్న మా మేనత్తను ఆవలి యూరి వైద్యునికిఁ జూపుట మఱునాఁటికిఁగాని పడలేదు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఇందులో తప్పెవరిది? పిలిచినవాఁడు సరిగానే పిలిచెను. విన్నవాఁడు విన్నంతవఱకు సరిగానే నడచుకొనెను. "రేవు", "రేపు" అను రెండు మాటలకు నడుమ ఒక్క యక్షరమే భేదము. గాలి ఆ యక్షరమును మార్చఁగానే ఒక మంచిమాట మఱియొక మంచిమాట యయ్యెను. చెడిన మాట చెడినట్లు కనఁబడిన నింత ముప్పు లేదు. చెడియు మంచిమాటవలెఁ గనఁబడుటయే ముప్పు. కావున జాగ్రత్తగాఁ జెప్పుట యనఁగా గట్టిగా నఱచుట కాదు. ఒకదాని కొకటి దూరముగానున్న మాటలను ఏర్చుకొనుట. ఈ సంగతి మన పెద్దలకుఁ దెలియనిది కాదు. ప్రామిసరీ నోటు వ్రాయునపుడు సొమ్మును అంకెలలో నొకమాఱు, అక్షరములలో నొకమాఱు వ్రాయుదుము. అంకెలలో నొక సున్న చెదలు తినినను అక్షరములు సాక్ష్యము చెప్పును.

ఈ జాగ్రత్తకు లెక్క కట్టినవారు అమెరికా దేశమునందలి బెల్ ప్రయోగశాలలోని ఇరువురు. 1948వ సంవత్సరమున క్లాడ్ షానన్ ఒక గొప్ప వ్యాసమును ప్రకటించెను. ఎంత రొద యున్న మార్గమునందైనను ఒక మితికి లోఁబడి పంపినచో తప్పులను కోరినంత తక్కువకుఁ దీసికొనిపోవచ్చునని అందు నిరూపించెను. ఆ మితి యెంతయో చెప్పెను గాని, అందు కుపాయమైన సంకేతమును చేతి కందీయలేదు. రెండవవాఁడు రిచర్డ్ హామింగ్. వారాంతమున లెక్క యంత్రమున కొక పని యప్పగించి పోయిన, యంత్రము తనలో తప్పును కనిపెట్టి, ఆ పనిని విడిచిపెట్టెడిది. "తప్పున్నదని తెలిసికొనఁగల యంత్రమునకు తప్పెచ్చట నున్నదో ఏల తెలియరాదు?" అని ఆయనకు కోపము వచ్చెనఁట. ఆ కోపమునుండి పుట్టినదే 1950లో ఆయన ప్రకటించిన సంకేతము. నాలుగంకెలకు మూఁడు కాపలా యంకెలను చేర్చినచో, ఆ యేడింటిలో ఏ యొక్కటి మారినను అది యేదియో పట్టి దిద్దవచ్చును.

ఇఁక రెండవ యుపాయము. ఇది 1940వ దశకముననే హాలండు దేశపు నిస్తంత్రీ వార్తలలో వాడుకకు వచ్చినది. వాన్ డ్యూరెన్ అను ఇంజనీరు ఒక్కొక్క యక్షరమునకు ఏడు స్థానముల గుర్తు నేర్పఱచి, ఆ యేడింటిలో సరిగా మూఁడుచోట్లనే చుక్క యుండవలెనని కట్టడి చేసెను. అట్టి గుర్తులు 35 ఏర్పడును; అక్షరములకు చాలును. వచ్చిన గుర్తులో చుక్కలు రెండే యున్నను, నాలుగున్నను అది చెడినదని తెలియును. అప్పుడు యంత్రమే "మరల పంపుము" అని వెనుకకు వార్త పంపును. మనిషి కల్పించుకొన నక్కఱలేదు. ఇందలి లోపమును మీరే కనిపెట్టియుందురు: ఒక చుక్క పోయి, లేనిచోట నొక చుక్క వచ్చినచో లెక్క మూఁడే; తప్పు దాఁటిపోవును.

ఈ రెండుపాయములును చాలకాలము వేఱువేఱు కాఁపురములు చేసినవి. అవి యొకయింటఁ జేరిన విధము తెలియుటకు ముందు, వార్త తరంగముపై నెట్లు ప్రయాణము చేయునో కొంచెము చెప్పవలసియున్నది.

ఫోనులో మాటయైనను, బొమ్మయైనను, సొమ్మయైనను సున్న, ఒకటి అను రెండంకెల వరుసగా మాఱిపోవును. ఒక్కొక్క యంకెకు బిట్టని పేరు. ఈ బిట్లను మోయు తరంగమును హెచ్చు బలముతోఁ గాని తక్కువ బలముతోఁ గాని పంపవచ్చును. కొంచెము ముందుగాఁ గాని కొంచెము వెనుకగాఁ గాని మొదలిడవచ్చును. ఈ రెండు భేదములను ఒక పటముగా గీసినచో, ఒక్కొక్క విధమగు తరంగము ఒక్కొక్క చుక్క యగును. మన యాఁడువారు వాకిట నాలుగు వరుసలలో నాలుగేసి చుక్కలు పెట్టుట చూచియున్నారు గదా! అవి పదునాఱు చుక్కలు. నాలుగు బిట్ల వరుసలును పదునాఱే. కావున నొక్కొక్క చుక్క నాలుగు బిట్లకు పేరుగా నిలుచును. పంపువాఁడు ఒక చుక్కను పంపును. దారిలోని రొద ఆ చుక్కను, గాలి ముగ్గుపిండిని జరిపినట్లు, ఇటునటు జరుపును. అందుకొనువాఁడు అది ఏ చుక్కకు దగ్గఱగా నున్నదో చూచి పేరు పెట్టును. పిండి ఎక్కువగా జరిగినచో ప్రక్క చుక్క పేరు పెట్టును. అదియే రేవు రేపగుట.

వెనుకటి పద్ధతిలో కాపలా యంకెలను చేర్చినచో వార్త పొడవగును. టెలిఫోను తీఁగయందు క్షణమునకుఁ బట్టు తరంగముల సంఖ్య కొక మితి కలదు. కాపలావారు బండి నిండ నెక్కినచో ధాన్యమునకుఁ జోటుండదు. స్విట్జర్లండులోని జూరిచ్ నగర సమీపమున ఐ.బి.యం. వారి పరిశోధనశాలలో నుండిన గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బోక్ ఇందుకు వింతయైన మార్గము కనిపెట్టెను. 1976లో ఒక సభయందు సూచించి, 1982లో వివరముగాఁ బ్రకటించెను. వార్తను పొడిగింపవద్దు, చుక్కలను రెట్టింపు చేయుఁడు అని ఆయన మాట. పదునాఱు చుక్కలచోట ముప్పదిరెండు. వినఁగానే ఇది తెలివితక్కువగాఁ దోఁచును. అంతే చోటులో చుక్కలు రెట్టింపైనచో అవి మఱింత దగ్గఱ యగును గదా, తప్పులు హెచ్చును గదా!

హెచ్చును, ఏ చుక్క వెనుక నే చుక్కయైనను రావచ్చునన్నయెడల. ఆయన అట్లు రానీయలేదు. చుక్కలను ఒకటి విడిచి యొకటిగా రెండు తెగలు చేసెను. ఒక్కొక్క తెగలో చుక్కల నడిమి దూరము పెరిగినది. ఆ తెగలను మరల నట్లే చీల్చెను. దూరము మఱింత పెరిగినది. పిమ్మట ఏ తెగ చుక్క వెనుక నే తెగ చుక్క రావలెనో కట్టడి చేసెను. ముగ్గులో గీఁత యొక చుక్కనుండి తోఁచినచోటికెల్ల పోదు; క్రమము తప్పినచో ముగ్గు తెలిసిన యాఁడుది చూడఁగానే పట్టును. ఇదియు నంతే. చుక్కలు విడివిడిగా దగ్గఱగా నున్నను, అనుమతిగల దారులు మాత్ర మొకదాని కొకటి దూరముగా నుండును. అందుకొను యంత్రము ఒక్కొక్క చుక్కకు అప్పటికప్పుడు తీర్పు చెప్పక, కొంత దారి గడచునంతవఱకు నోపికపట్టి, వచ్చిన చుక్కల కన్నిటికిని మిక్కిలి దగ్గఱయైన దారి యేదియో చూచి నిర్ణయించును. ఇట్లు దారులు వెదకు లెక్కను ఆండ్రూ విటర్బి 1967లోనే చెప్పియుండెను. ఈ దారుల పటము బీరపాదుకు వేసిన పందిరివలె నల్లికగా నుండును. అందుచేత దీనిని పందిరి యను నర్థమిచ్చు ట్రెల్లిసు పదముతోఁ బిలుతురు. ఇట్టి పందిళ్లలో నెనిమిది చుక్కలతోఁ గట్టిన మిక్కిలి చిన్నదానితోనే, రొద యంతగా లేనియెడల, వెనుకటి నిర్దుష్టతకు సగము బలము చాలునని తేలినది. వార్త ఒక్క యంకెయైనను పొడుగు కాలేదు.

టెలిఫోను తీఁగలమీఁదుగా కంప్యూటర్లకు వార్తలు పంపు మోడెములకు 1984లో నేర్పడిన వి.32 అను నియమములో ఈ పందిరి చేరినది. క్షణమునకు 2,400 చుక్కలు, చుక్కకు నాలుగు బిట్లు, వెరసి 9,600 బిట్లు. పందిరి లేనిచో పదునాఱు చుక్కలు, పందిరితో ముప్పదిరెండు.

ఇంతవఱకు పందిరిని పొగడితిని. ఇఁక దాని దుర్గుణము చెప్పవలెను. అది ఎన్నఁడును "నాకుఁ దెలియదు" అనదు. రొద విపరీతమై దారి పూర్తిగాఁ దప్పినప్పుడును, ఏదో యొక దారిని చక్కని దారిగానే చేతఁ బెట్టును. న్యాయస్థానములో సందేహమన్నది యెఱుఁగని సాక్షి యెంత ప్రమాదకరుఁడో మీ కెఱుకయే. పైగా అది తప్పినప్పుడు ఒక్క యంకె తప్పదు. దారి తప్పిన బాటసారివలె కొంతదూరము వరుసగా నడచి, మరల దారిఁ బడును. అందుచేత తప్పులు వార్తయంతటఁ జల్లినట్లుండక, ఒకచోటఁ గుప్పవడును.

ఈ రెండు గుణములే రెండవ యుపాయమును పిలుచుచున్నవి. వార్తను చిన్నచిన్న కట్టలుగాఁ గట్టి, ఒక్కొక్క కట్టకు తుదిని ఒక శేషమును చేర్తురు. గుణకారము సరిచూచుటకుఁ దొమ్మిదులు తీసివేసి మిగిలినదానిని పోల్చుట చిన్నప్పుడు బడిలో నేర్చితిమి; ఇదియు నా జాతిదే. కట్టనంతటిని ఒక పెద్ద సంఖ్యగా నెంచి, నియమితమైన యొక సంఖ్యతో ఒక విధముగా భాగించి, శేషమును వెంటఁ బంపుదురు. అందుకొనువాఁడు తానును భాగించి చూచును. శేషము కలియకున్న, పందిరి సాక్షి యెంత ధైర్యముగాఁ జెప్పినను ఆ కట్టను నమ్మరు, మరల పంపుమందురు. శేషమునకు పదునాఱు బిట్లున్నచో, చిందరవందరయైన కట్ట మంచిదిగాఁ గనఁబడుటకు 65,536లో నొక్క పాలు మాత్రమే యవకాశము. తప్పులు కుప్పవడుట యిక్కడ మేలే యయ్యెను: వందకట్టలలో నొక్కొక్క తప్పు చొప్పున నున్న వందయు మరల పంపవలయును; ఆ తప్పులన్నియు నొక్కకట్టలోనే పడిన నొక్కటి పంపిన చాలును. మోడెములకు 1988లో వచ్చిన వి.42 అను నియమము ఈ మరల పంపుటను పందిరిపైని రెండవ యంతస్తుగాఁ గట్టినది.

మరల పంపుటలో నొక గొంది కలదు. మా తాతగారు వేరుసెనగ విత్తనముల కొక దుకాణమునకు జాబు వ్రాసిరి. జవాబు రాలేదు. అదును దాఁటిపోవునను భయముతో రెండవ జాబు వ్రాసిరి. మొదటి జాబు చేరియే యుండెను. చేరినదను కార్డే దారిలోఁ బోయినది. రెండు బండ్ల విత్తనములు వచ్చి వాకిట నిలిచినవి. రెండవబండి సొమ్ము వివాదము రెండేండ్లు నడచినది. తాతగారు మొదటి జాబు ప్రతి యని రెండవదానిపై వ్రాసియుండినచో ఈ తగవు లేకపోవును. యంత్రములు ఈ జాగ్రత్త నెఱుఁగును: ప్రతి కట్టకును వరుస సంఖ్య యుండును. ఒక కట్టకు రసీదు వచ్చిన పిమ్మటనే మఱియొకటి పంపు పద్ధతిలోనైనచో ఆ సంఖ్యకు ఒక్క బిట్టు చాలునని, ఒకమాఱు సున్న ఒకమాఱు ఒకటి వేసిన సరిపోవునని ఇంగ్లండు దేశపు పరిశోధకులు 1969లో చూపిరి. కాని మనము ఫోనులో సొమ్ము పంపునపుడు, తెరమీఁద చక్రము తిరుగుచుండఁగా తొందరపడి మొదటినుండి మరల చెల్లింపు చేసినచో, అది యంత్రమునకు క్రొత్త యుత్తరువు. దానికి క్రొత్త సంఖ్య. ఖాతా చూచుకొన్న తరువాతనే మరల చెల్లించుట మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. మోడెములలో ఈ రెండుపాయములు ఒకయింటనున్నను వేఱువంటలే. చెడిన కట్టను పాఱవైచి, క్రొత్తదానికై యెదురుచూచుట వారి పద్ధతి. ఆ చెడినదానిలో పనికివచ్చున దేమియు లేదా?

కడపలో బ్రౌను దొరగారు పండితులను గూర్చి మన కావ్యముల తాళపత్ర ప్రతులను సరిచూపించిన కథ మీరు వినియే యుందురు. ఒక ప్రతిని పురుగు మొదటిపాదమునఁ దినినది. మఱియొక ప్రతిలో మూఁడవపాదము విఱిగిపోయినది. ఏ ప్రతియు నొంటిగాఁ జదువుటకు వీలులేదు. రెంటిని ప్రక్కప్రక్కనుంచి చూచినచో పద్యము పూర్తియగును. చెడినదని మొదటి ప్రతిని పొయ్యిలో వేసిన పండితుఁడుండునా? 1985లో డేవిడ్ చేస్ అను శాస్త్రజ్ఞుఁడు ఈ పనినే వార్తలకు లెక్కగాఁ గట్టెను. చెడిన కట్టను దాఁచియుంచుము. రెండవది వచ్చినప్పుడు రెంటిని గలిపి చదువుము. అదియుఁ జాలకున్న మూఁడవదానిని గలుపుము. ఏ ప్రతి యెంత నమ్మఁదగినదో అంత విలువ నిమ్ము. విడివిడిగా నిరుపయోగములైన ప్రతులు కలిసి యొక మంచి ప్రతి యగును.

దీనికిఁ దగిన మెఱుఁగు ఫోనులలో చుక్కల ముగ్గునందు దిద్దఁబడినది. పదునాఱు చుక్కల ముగ్గును మరల తలఁచుకొనుఁడు. నాలుగు బిట్లలో రెండు, చుక్క యెడమనో కుడినో, పైననో క్రిందనో చెప్పును. తక్కిన రెండు, అది లోపలి వరుసదో వెలుపలి వరుసదో చెప్పును. మొదటి రెంటికి బలము హెచ్చు. వెలుపలి చుక్క నడిమిగీఁత దాఁటి అవతలికిఁ బోవుటకు రొద చాల త్రోయవలెను. రెండవ రెంటికి బలము తక్కువ. లోపలి చుక్కకు ఇరువైపులను గండమే. కావున మొదటిమాఱు చెడినచో సాధారణముగా నా రెండే చెడును. అదే ముగ్గును అదేవిధముగా మరల పంపిన, బలహీనులు రెండవమాఱును బలహీనులే. పంక్తిభోజనమున కొసను గూర్చున్నవానికి ఈపూట నెయ్యి యందలేదు. రాత్రికి వానిని మొదట గూర్చుండఁబెట్టుట ధర్మము. 2002లో మూఁడవ తరపు ఫోనుల నియమములలో ఈ మార్పు చేరినది: మరల పంపునపుడు బిట్ల స్థానములు తాఱుమాఱు చేయవచ్చును. మొదట దుర్బలస్థానమున నున్నవి ఇప్పుడు బలమైన స్థానమున నుండును. రెండు ప్రతులు కలిసినప్పుడు అందఱికిని సమముగా నెయ్యి చేరును. జాగ్రత్తగాఁ జెప్పుటయు, మరల చెప్పుటయు నిక్కడ నిజముగా నొక్కటియైనవి. మొదటిమాఱు ఏది దుర్బలమో రెండవమాటకుఁ దెలియును.

నేఁటి ఫోనులలో ఉంగర్‌బోక్ పందిరి అట్లే లేదు. ఫ్రాన్సు దేశపువారు 1993లో ప్రకటించిన టర్బో సంకేతములును, ఆ తరువాత మఱికొన్నియు దాని స్థానమున నిలిచినవి. కాని చుక్కలను సంకేతమును కలిపి యాలోచింపవలెనను బుద్ధి అక్కడిదే.

నాలుగవ తరపు ఫోనులో కట్ట యందిన నాలుగు మిల్లీసెకండ్లకు, అనఁగా సెకండులో 250వ వంతుకు, రసీదు వెనుకకుఁ బోవును. "చెడినది" యను రసీదు పోయినచో మరల పంపుట తఱచుగా మొదటిదానికి సుమారు ఎనిమిది మిల్లీసెకండ్లకే జరిగిపోవును. ఆలోపల నూరక కూర్చుండక, ఎనిమిది కట్టలను వరుసగా నడపుచుందురు. ఒకదానికై యెదురుచూచునపుడు తక్కిన యేడు పనిలో నుండును. ఇందులో నాకు మిక్కిలి వింతయైన సంగతి యింకొకటి కలదు. మొదటిమాఱు పంపినవానిలో సుమారు పదింట నొకటి చెడునట్లే కావలయునని యేర్పాటు చేయుదురు! అది యజాగ్రత్త కాదు. పదియు మొదటిమాఱే చేరవలెనన్నచో ప్రతి కట్టను విపరీతమైన బలముతోనో, మిక్కిలి నెమ్మదిగానో పంపవలెను. చెడిన యొక్కదానిని మాత్రమే మరల పంపి, చెడిన ప్రతిని గూడ వాడుకొనుట చౌక.

మీ మనుమఁడు అమెరికానుండి మాటాడునపుడు ఒక యక్షరము పోయినను మీరు గ్రహింతురు. మాట యాలస్యమైన మాత్రము విసుగు కలుగును. ధాన్యపు సొమ్ము వార్త యట్లు కాదు. అది రెండు క్షణములాలస్యమైనను సరియే, ఒక్క సున్న పోరాదు. కావున మరల పంపుట యెన్నిమాఱులనునది వార్తను బట్టి యుండును.

అడుగుటకే వీలులేనిచోట ఏమి చేయుదురు? 1989లో వాయేజర్-2 అను నౌక నెప్ట్యూను గ్రహమును దాఁటిపోయెను. అచ్చటినుండి తరంగము మన భూమికి వచ్చుటకు నాలుగు గంటల పైఁగాఁ బట్టెను. "మరల చెప్పు" మన్నచో ఆ మాట పోవుటకు నాలుగు గంటలు, జవాబు వచ్చుటకు నాలుగు గంటలు. ఈలోపల నౌక లక్షలకొలఁది మైళ్లు దాఁటిపోవును. అందుచేత ఒకదానిపై నొకటిగా రెండు సంకేతములను తొడిగి, నెమ్మదిగా, దూరదూరపు మాటలతోఁ బలుకునట్లు దానిని బంపిరి. అది నేను ఈ గదిలోనుండి మాటాడునట్లే మాటాడెను.